వినిపించే గది

వేసవి సెలవుల్లో ఏ ఊరి బడికైనా వెళ్లి, ఖాళీగా ఉన్న తరగతి గది నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పుడు అక్కడికక్కడే ఆగదు. గోడ నుంచి గోడకి, గచ్చు నుంచి శ్లాబుకి తగిలి తగిలి, గింగురుమంటూ సెకనుకి పైగా గదిలోనే తచ్చాడుతుంది. జూన్‌లో బడి తెరిచాక ముప్పై మంది పిల్లలు చదువుకోవలసింది ఆ గదిలోనే. టీచరమ్మ అన్న మొదటి మాట తోక ఇంకా చెవిలో ఉండగానే రెండో మాట వచ్చి దాని మీద పడుతుంది. ముందు వరసకి పాఠం అందుతుంది. వెనక వరసకి చేరేసరికి పాఠంతో పాటు మోత కూడా చేరుతుంది.

కృత్రిమ మేధ (ఏఐ) బడిలోకి వస్తోందనగానే మాటంతా పరికరాల చుట్టూ తిరుగుతోంది. ఎన్ని ట్యాబులు, ఎంత ఇంటర్నెట్, ఏ సాఫ్ట్‌వేర్. కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలోని బడుల్లో 57.2 శాతానికి కంప్యూటర్లు, 53.9 శాతానికి ఇంటర్నెట్ ఉన్నాయి. ఈ లోటు పూడాల్సిందే. అయితే ఆ కంప్యూటరు ఏ గదిలో కూర్చుంటుంది, ఆ గదిలో మాట ఎలా వినిపిస్తుంది, ఎవరు ఎవరి వైపు తిరిగి కూర్చుంటారు అన్న ప్రశ్నలకి ఈ చర్చలో చోటు దొరకడం అరుదు. నిజానికి ఏఐ కాలపు తరగతి గదికి మొట్టమొదట కావలసిన గుణం మాట తేటగా వినిపించడం. ఎందుకంటే ఇప్పుడు ఆ గదిలో పిల్లలతో పాటు యంత్రం కూడా వింటోంది.

గదిలో నిలిచిపోయే ఈ మోతని భౌతికశాస్త్రం ప్రతినాదం అంటుంది. దాన్ని తొలిసారి లెక్కలోకి తెచ్చినవాడు వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఎవరేం మాట్లాడినా ముక్క అర్థమయ్యేది కాదు. సంగతేమిటో చూడమని 27 ఏళ్ల సబైన్‌కి అప్పజెప్పారు. పగలు బయటి రొద ఉంటుందని ఆయన అర్ధరాత్రి దాటాక పనికి దిగేవాడు. చేతిలో ఒక ఆర్గాన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్. గొట్టం మోగించి ఆపాక, ఆ శబ్దం చెవికి అందకుండా పోవడానికి దాదాపు ఐదున్నర సెకన్లు పట్టింది. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోసుకొచ్చి, కొన్ని కొన్నిగా పరిచి, పరిచినప్పుడల్లా మళ్లీ కొలిచి, తెల్లారేలోగా వాటిని తిరిగి చేర్చేవారు. మెత్తలన్నీ పరిచాక ఆ సమయం సెకను పైచిలుకుకి దిగింది.

ఏ వస్తువు ఎంత శబ్దాన్ని పీల్చుకుంటుందో చెప్పడానికి సబైన్ ఎంచుకున్న కొలత ముచ్చటైనది: తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు. కాబట్టి ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ అంటే సంపూర్ణంగా పీల్చుకునే ఒక చదరపు మీటరు గోడ అన్నమాట. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో మొత్తం ఎన్ని చదరపు మీటర్ల ‘తెరిచిన కిటికీ’ ఉందో దానితో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది.

ఈ లెక్కని మన గదికి కట్టి చూద్దాం. ఏడు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, 3.3 మీటర్ల ఎత్తు ఉన్న సిమెంటు గది అనుకుందాం. లోపలి గోడలు, గచ్చు, శ్లాబు కలిపితే 170 చదరపు మీటర్లు. కానీ నున్నటి సిమెంటు పూత నూటికి మూడు పాళ్లే శబ్దాన్ని పీలుస్తుంది. అంటే ఆ 170 చదరపు మీటర్లూ కలిసి ఐదు చదరపు మీటర్ల కిటికీకి సమానం. తలుపులు మూసిన ఖాళీ గదిలో ప్రతినాదం నాలుగు సెకన్ల పైమాటే. తలుపు, నాలుగు కిటికీలు బార్లా తెరిస్తే మరో ఎనిమిది చదరపు మీటర్లు కలిసి అది 1.7 సెకన్లకి తగ్గుతుంది. ముప్పై మంది పిల్లలు వచ్చి కూర్చుంటే, ఒంటి మీది బట్టలతో ఒక్కొక్కరు 0.4 చదరపు మీటర్ల చొప్పున పీల్చుకుంటారు కనుక, 0.9 సెకన్లకి వస్తుంది. మెత్తని పరుపులేమీ లేని మన గదిలో శబ్దాన్ని ఎక్కువగా పీల్చుకునేది పిల్లలే.

2002లో అమెరికాలో వచ్చిన తరగతి గదుల ప్రమాణం ప్రకారం మామూలు గదిలో ప్రతినాదం 0.6 సెకన్లు దాటకూడదు. ఖాళీ గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదు. ఈ రెండో హద్దుని మన సీలింగు ఫ్యాను ఒక్కటే సాధారణంగా దాటించేస్తుంది.

*

పెద్దవాళ్లకి మాటలో ఒక ముక్క వినిపించకపోయినా ఇబ్బంది లేదు. ముందువెనకలు చూసి పూరించుకుంటారు. ఏడేళ్ల పిల్లకి ఆ సౌకర్యం లేదు. ఆమె దగ్గరున్న మాటల మూట చిన్నది. వినబడని మాట ఆమెకి ఇంకా తెలియని మాటే కావచ్చు. అందుకే టీచరు గొంతు చుట్టూ ఉన్న రొద కంటే కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలని శబ్దశాస్త్రం తెలిసినవాళ్లు చెబుతారు.

మాటని గుర్తుపట్టే యంత్రానికీ ఇటువంటి చిక్కే ఉంది, ఇంకొంచెం మెలికతో. అది వినబడని ముక్కని సంభావ్యత లెక్కలతో పూరిస్తుంది. కబుర్లు చెప్పేటప్పుడు అది మేలే. చదవడం నేర్పేటప్పుడు మాత్రం కీడు. ‘అట్ట’ అని ఉన్నచోట పిల్ల ‘అట’ అని చదివిందనుకోండి. వాక్యాన్ని బట్టి అక్కడ ‘అట్ట’ ఉండాలని ఊహించిన యంత్రం ‘సరిగ్గా చదివావు’ అనేస్తుంది. లేదా సరిగ్గా చదివిన పిల్లని తప్పు పడుతుంది. ద్విత్వం అంటే ఏమిటో గమనించండి: ‘ట్ట’ పలికేటప్పుడు నాలుక అంగిలికి ఆని, ఊపిరి ఆగి, రెప్పపాటు కంటే తక్కువసేపు నిశ్శబ్దం ఉంటుంది. ‘అట’కీ ‘అట్ట’కీ తేడా ఆ నిశ్శబ్దపు నిడివే. ప్రతినాదం చేసే మొదటి పని ఆ నిశ్శబ్దాన్ని ముందు అచ్చు తోకతో నింపేయడం. ‘బ’కీ ‘భ’కీ మధ్య ఉన్న చిన్న ఊపిరి కూడా ఇలాగే మోతలో కలిసిపోతుంది. తెలుగు నేర్పే గదికి ఇంగ్లీషు నేర్పే గది కంటే తేటదనం ఎక్కువ కావాలనడానికి ఇది కారణం.

దీనికి తోడు పిల్లల గొంతు. మగవాళ్ల స్వరం సెకనుకి సుమారు 120 సార్లు, ఆడవాళ్లది 210 సార్లు కంపిస్తే, చిన్నపిల్లలది 250, 300 దాటుతుంది. గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారి వాళ్లకి పొట్టి, కాబట్టి అచ్చుల రూపమే మారుతుంది. పెద్దవాళ్ల మాటలతో తర్ఫీదైన యంత్రానికి పిల్లల మాట కొత్త యాసలా వినిపిస్తుంది.

ఈ కథలో హైదరాబాదుకి పాత స్థానమే ఉంది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ తదితరులు 2003లో ప్రచురించిన ఒక పరిశోధన ఇక్కడ జరిగింది. 16 మంది పిల్లలకి ఐదు నెలలపాటు మాటని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ అప్పగించారు. టీచరు జోక్యం లేదు. పిల్లలు గుంపులుగా కూర్చుని, యంత్రానికి అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ పలుకుతూ తమ ఇంగ్లీషు ఉచ్చారణని దిద్దుకున్నారు. అప్పట్లో అది వింత. ఇప్పుడు తెలుగు కథని పిల్ల చదువుతుంటే విని తప్పు దిద్దే గూగుల్ రీడ్ అలాంగ్ వంటి యాప్ మామూలు ఫోనులో, ఇంటర్నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో 6 జిల్లాల్లో 36 ప్రాథమిక పాఠశాలల్లో ఏఐ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టింది. కంప్యూటర్లు లేని బడుల పిల్లల్ని దగ్గర్లోని హైస్కూలు ల్యాబుకి తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. మూడో తరగతి పిల్లలు రోడ్డు దాటి వేరే బడికి నడిచి వెళ్లి యంత్రం ముందు కూర్చోవడమంటే, అది సాఫ్ట్‌వేర్ సమస్య ఎంతో స్థలం సమస్యా అంతే.

ఒకే గదిలో పదిమంది పిల్లలు పది ట్యాబులకి ఒకేసారి చదివి వినిపిస్తే ఏమవుతుంది? పక్కవాడి గొంతు అడ్డొస్తే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ వందేళ్ల కిందటే దీన్ని గుర్తించాడు. ఒకరు పెంచితే పక్కవారూ పెంచుతారు. పది నిమిషాల్లో గది సంతలా మారుతుంది. దీనికి కొంత విరుగుడు దూరం తగ్గించడంలో ఉంది. దూరం సగమైతే మాట ఆరు డెసిబెల్స్ బలపడుతుంది. మీటరు దూరంలో పెట్టిన ట్యాబుని జానెడున్నర దగ్గరికి తెస్తే దాదాపు పది డెసిబెల్స్ లాభం. కాబట్టి తలకి తగిలించుకునే చవక మైకు, గోడ వైపు తిరిగిన రెండు మూడు చదువుకునే గూళ్లు, పిల్లకీ పిల్లకీ మధ్య బట్ట తడిక ఖరీదైన సాఫ్ట్‌వేర్ చేయలేని పని చేస్తాయి.

*

గోడలు తీసేస్తే స్వేచ్ఛ వస్తుందని నమ్మిన కాలం ఒకటుంది. 1960లు, 70లలో అమెరికాలో వందలాది బడులు గదుల మధ్య గోడలు లేకుండా కట్టారు. ఎవరి వేగంతో వాళ్లు చదవాలి, గుంపులు మారుతూ ఉండాలి అన్నది ఆలోచన. ఈ రోజు ఏఐ గురించి చెప్పే మాట దాదాపు ఇదే. ఆశయంలో లోపం లేదు. కానీ పక్క గుంపు పాఠం ఈ గుంపు చెవిలో పడుతుంటే టీచర్లు బీరువాలని, పుస్తకాల అరల్ని అడ్డుపెట్టుకున్నారు. తర్వాత చాలాచోట్ల గోడలే తిరిగి లేచాయి.

మన నేల మీద ఇంతకంటే పాత నమూనా ఉంది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో ఆ జిల్లాలో 533 బడులు లెక్కకొచ్చాయి. అందులో 226 తెలుగు బడులు. పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పైవాళ్లు కిందివాళ్లకి నేర్పడం గురించి ఆయన రాశాడు. అంతకు మూడు దశాబ్దాల ముందే మద్రాసులో ఆండ్రూ బెల్ ఇదే పద్ధతి చూసి, ఇంగ్లండుకి ‘మద్రాసు పద్ధతి’గా పట్టుకెళ్లి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఒకే చోట రకరకాల వయసుల పిల్లలు, ఎవరి పాఠం వారిది. ఇది సాగిన వీధిబడి చాలాసార్లు ఒక ఇంటి అరుగు. మహా అయితే మూడు వైపుల గోడలు, వీధి వైపు పూర్తిగా బయలు. సబైన్ భాషలో చెబితే చుట్టూ ఉన్నదాంట్లో కనీసం నాలుగో వంతు తెరిచిన కిటికీయే. పదిమంది పది పాఠాలు వల్లెవేసినా ఆ మోత వీధిలోకి పోయేది. అరుగు మీద ప్రతినాదం చాలా తక్కువ.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఈ ఆలోచనని కొత్తగా పట్టుకుంది. పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉండేవారు. దేశంలో ఈనాటికీ లక్షకు పైగా ఉన్న ఏకోపాధ్యాయ బడుల పరిస్థితి అదే. పాఠ్యపుస్తకాన్ని విప్పి వందల కార్డులుగా చేశారు. కార్డు మూలన బొమ్మ గుర్తు. గోడ మీద ‘అభ్యసన నిచ్చెన’. పిల్ల వచ్చి నిచ్చెనలో తన మెట్టు చూసుకుని, తన కార్డు తనే తీసుకుని, ఆ కార్డు చెప్పిన చాప దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. ఒక చాప టీచరు పూర్తి సాయం కావలసినవాళ్లది, ఒకటి కొద్ది సాయంతో సరిపోయేవాళ్లది, ఒకటి తోటిపిల్లల సాయంతో చేసేవాళ్లది, ఒకటి ఒంటరిగా చేసుకునేవాళ్లది.

ఇక్కడ మెచ్చుకోవలసింది గది అమరిక. టీచరు నేల మీద, చాపల మధ్య. గోడ కింది భాగంలో, కూర్చున్న పిల్ల చేతికందే ఎత్తులో నల్లబోర్డు. దాని మీద రాసే హక్కు పిల్లది. ఈ పద్ధతిని చూసి వెళ్లిన టీచర్లు 1995లో కర్ణాటకలోని హెచ్.డి.కోటెలో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. 2003లో ఈ పద్ధతి చెన్నై కార్పొరేషన్ బడులకి చేరింది. ప్రతి పిల్లకీ తన మెట్టు నుంచి పాఠం ఇవ్వడమన్నది ఈనాటి ఏఐ ట్యూటర్ల పెద్ద హామీ. అది అట్ట కార్డులతో పల్లెబడిలో జరిగింది. కార్డుకి బదులు ట్యాబు వచ్చినా చాపల అమరిక మారనక్కర్లేదు. ఏ పిల్ల ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఆగిందో టీచరుకి చెప్పే పని ట్యాబు చక్కగా చేస్తుంది. ఆ చెప్పింది చూసి టీచరు ఏ చాప దగ్గర కూర్చోవాలో తేల్చుకుంటారు. వరస బెంచీలు, ఎదురుగా ఒక పెద్ద తెర ఉన్న గదిలో ఆమె ఎటూ కదలలేరు.

*

ఆ పెద్ద తెర సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన ‘నాడు-నేడు’ బడుల బాగు పథకం తొలి దశలో 15,715 బడుల్లో మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫ్యాన్లు, లైట్లు, బల్లలు బాగుపడ్డాయి. ఆ తర్వాత హైస్కూలు గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన అలాంటి పథకమే ‘మన ఊరు-మన బడి’ తొలి దశకి 9,123 బడుల్ని ఎంచుకున్నారు. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 93 సెంటీమీటర్లు. ఎత్తుకి ఆరు రెట్లకి మించిన దూరం నుంచి మామూలు రాత చదవడం కష్టమన్నది తెరలు అమర్చేవాళ్ల లెక్క. అంటే ఐదున్నర మీటర్లు. ఏడు మీటర్ల గదిలో చివరి బెంచీ ఆ గీత బయటే ఉంటుంది. పైగా తెలుగు అక్షరం. ‘ప’కీ ‘వ’కీ, ‘మ’కీ ‘య’కీ మధ్య ఉన్నది చిన్న వంపు, ఒత్తు అసలు అక్షరంలో సగం. సుద్దముక్కతో రాసే టీచరు వెనక బెంచీని చూసి అక్షరం పెద్దది చేస్తారు. తెర మీద వచ్చే పాఠం ఎవరినీ చూడదు.

ఎండ తెర మీద పడి మెరుస్తుంటే తేలికైన పని కిటికీ మూయడం. ఆ ఒక్క పనితో రెండు నష్టాలు. గది మోత పెరుగుతుంది, గాలి ఆగుతుంది. ఒక్కో పిల్ల గంటకి దాదాపు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందనుకుంటే, సందులు లేకుండా మూసిన మన గదిలో 45 నిమిషాల పీరియడ్ ముగిసేసరికి అది సుమారు 2370 పీపీఎం (గాలిలో పది లక్షలకి ఇన్ని పాళ్లు) దాకా పెరుగుతుంది. బయటి గాలిలో ఉన్నది సుమారు 420. హార్వర్డ్ పరిశోధకులు పెద్దవాళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో 1400 పీపీఎం దగ్గర ఆలోచన, నిర్ణయాలకి సంబంధించిన మార్కులు సగానికి పడ్డాయి. తర్వాతి ప్రయోగాల్లో తేడా ఫలితాలూ వచ్చాయి, కాబట్టి అంకెని గట్టిగా పట్టుకోనక్కర్లేదు. కానీ మూసిన గదిలో మధ్యాహ్నం పిల్లలు తూగడం ప్రతి టీచరూ చూసిందే. ప్యానెల్‌ని కిటికీకి ఎదురుగా కాకుండా కిటికీ ఉన్న గోడకి పక్క గోడ మీద బిగిస్తే, కిటికీ పైన ఒక బట్ట పందిరి దించితే, కిటికీ మూసే అవసరమే రాదు.

ఇంగ్లండులో శాల్ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ బారెట్ బృందం 27 బడుల్లో 153 గదుల్ని, 3,766 మంది పిల్లల్ని పరిశీలించి 2015లో ఒక మాట తేల్చింది. ఏడాదిలో పిల్లల ప్రగతిలో కనిపించే తేడాల్లో 16 శాతానికి గది తీరే కారణం. అందులో సుమారు సగం వెలుతురు, గాలి, వేడిది.

గోడల బొమ్మల సంగతి కూడా చూడాలి. మన బడుల గోడల మీద పటాలు, ఎక్కాలు, జంతువులు నిండుగా ఉంటాయి. పెట్టినవాళ్ల ప్రేమ అందులో కనిపిస్తుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి 2014లో వెలువడిన ప్రయోగంలో బొమ్మలు నిండిన గదిలో చిన్నపిల్లల ధ్యాస 38.6 శాతం సమయం పాఠం మీద లేదు. ఖాళీ గోడల గదిలో అది 28.4 శాతమే. పక్క గోడలూ వరండానూ పిల్లలవి చేసి, ఎదుటి గోడని మాత్రం ఖాళీగా వదిలేస్తే చాలు. మెరిసే తెర చేరాక ఆ గోడ మీద ఇంకేమీ అక్కర్లేదు.

ఇక యంత్రం లేని చోటు ఒకటి ప్రతి గదిలో ఉండాలి. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లలతో జరిగిన ప్రయోగంలో మామూలు చాట్‌బాట్ చేతికిచ్చినవాళ్లు సాధన లెక్కల్లో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఇవ్వని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా మలచిన బాట్ వాడినవాళ్లకి ఆ నష్టం దాదాపు తప్పింది. అంటే యంత్రం దగ్గర సాధన చేసిన పిల్ల లేచి, గదిలో ఇంకో మూలకి నడిచి, పలక మీదో నేల బోర్డు మీదో ఆ లెక్కని తోటివాళ్లకి విడమరిచి చెప్పే వీలుండాలి. ఆ నడకకి దారి కావాలి. బెంచీలు ఇరికించిన గదిలో ఆ దారి ఉండదు.

యంత్రానికి అప్పజెప్పకూడని పనీ ఒకటి ఉంది. చైనాలో హాంగ్‌ఝౌలోని ఒక బడి 2018లో కెమెరాలతో 30 సెకన్లకోసారి పిల్లల ముఖాలు చదివించి ఎవరు విసుగ్గా ఉన్నారో, ఎవరు సంతోషంగా ఉన్నారో లెక్కగట్టింది. ఐరోపా సమాఖ్య చట్టం 2025 ఫిబ్రవరి నుంచి బడుల్లో ఇలా భావోద్వేగాలు పట్టే ఏఐని నిషేధించింది. పిల్ల ముఖం చూసి అర్థం చేసుకోవడం చాప మీద పక్కన కూర్చున్న టీచరు పని.

మళ్లీ మోత దగ్గరికి. తాటాకు పాకల్లో, పూరి కప్పుల కింద బడులు నడిచిన రోజుల్లో మాట మెత్తగా వినిపించేది. ఆకు, గడ్డి, గోనెపట్టాలు శబ్దాన్ని పీల్చేవి. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ కప్పులు తిరిగి రాకూడదు. ఆ మెత్తదనం మాత్రం రావాలి. కొబ్బరి పీచుకి కోనసీమలో కొదవ లేదు. నిప్పంటుకోకుండా మందు పట్టించిన పీచుతో రెండంగుళాల మందాన పలకలు చేసి, శ్లాబుకి కాస్త ఖాళీ వదిలి బిగిస్తే తగిలిన శబ్దంలో సుమారు సగాన్ని అవి పీల్చుకుంటాయి. మన గదికి అలాంటివి ఇరవై చదరపు మీటర్లు వేస్తే, పిల్లలు కూర్చుని కిటికీలు తెరిచి ఉన్నప్పుడు ప్రతినాదం 0.9 నుంచి 0.65 సెకన్ల దరిదాపుకి వస్తుంది. ‘అట’కీ ‘అట్ట’కీ మధ్య నిశ్శబ్దం మళ్లీ వినిపిస్తుంది. ఇరవై చదరపు మీటర్లంటే పైకప్పులో సగం కూడా లేదు. మిగతాది ఫ్యాన్లకి, ట్యూబులైట్లకి సరిపోతుంది.